టేపుశాస్త్రి

నానక్‌రామ్‌గూడలో అద్దాల టవర్లకీ రామానాయుడు స్టూడియోకీ నడుమ ఏ గేటెడ్ కమ్యూనిటీకి వెళ్లినా ఒక టేపుశాస్త్రి తగులుతాడు. పగలు క్లౌడ్ ఆర్కిటెక్టు, రాత్రి పాత సినిమా పోస్టర్ల సంరక్షకుడు. అసలు పేరు గేటు దగ్గరి యాప్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు.

పోస్టరంటే గోడెక్కి, ఎండి, నాని, ఆవు నోట్లో పడాల్సిన సరుకు. బతికి బట్టకట్టినవి చాలావరకు విజయవాడ గాంధీనగర్ లాంటిచోట్ల పంపిణీదారుల గోడౌన్లలో మడతపెట్టి మరిచిపోయినవే. అందుకే చిరుగు మడత దగ్గరే మొదలవుతుంది. శాస్త్రి దగ్గరున్న 1964 నాటి ‘రాముడు భీముడు’ సరిగ్గా ఇద్దరు ఎన్టీఆర్‌ల మధ్య చిరిగింది. కథలో కలిసిన కవలల్ని మడత మళ్లీ విడదీసింది.

“అంటించెయ్యొచ్చుగా?” అని మాత్రం అడక్కండి. అడిగారో, ఆ సాయంత్రం మీది కాదు.

“దేంతో అంటించమంటారు? సెల్లోటేపుతోనా? 1930లో అమెరికాలో రిచర్డ్ డ్రూ దాన్ని తెచ్చిన దగ్గర్నుంచీ కాగితానికి శనే!” రబ్బరు జిగురు ముందు పచ్చబడుతుందట. తర్వాత జిడ్డుగా మారి కాగితంలోకి ఇంకుతుందట. చివరికి పైనున్న ప్లాస్టిక్ ఊడిపోయి మరక మిగులుతుంది, ఇల్లు ఖాళీ చేసినవాడు కరెంటు బిల్లు వదిలిపోయినట్టు. మన మే నెల ఎండలకి ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది. మాస్కింగ్ టేపు పేరెత్తితే ఆయన చెవులు మూసుకుంటాడు. లామినేషన్ అన్నవాళ్లతో మాటలు మానేశాడు.

పోనీ జర్మనీ ఫిల్మోప్లాస్ట్ టేపు తెప్పించాడు కదా! పల్చటి కాగితం, యాక్రిలిక్ జిగురు, అంత తేలిగ్గా పచ్చబడదు. అదీ డబ్బాలోనే ఉంది. “యాసిడ్ ఫ్రీ అని రాస్తే చాలా? ఇరవై ఏళ్ల తర్వాత కాగితం చిరక్కుండా ఊడి రావద్దూ? రోల్‌బ్యాక్ లేని డిప్లాయ్‌మెంట్ మీరైతే చేస్తారా?” నిజం చెప్పొద్దూ, ఈ మాటలో తప్పులేదు. పాతబడ్డాక మంచి టేపులు కూడా మొండికేస్తాయి. ఆయన చెప్పేది ప్రతిసారీ రైటు కావడమే ఇంట్లోవాళ్లకొచ్చిన చిక్కు.

డ్రాయరు నిండా టేపులే. కూతురి సోషల్ పుస్తకం చిరిగితే మాత్రం పక్క ఫ్లాటులో అడిగి తెచ్చుకోవాలి. “ఏమండీ, బర్త్‌డే గిఫ్టు ప్యాక్ చెయ్యాలి, ఒక్క ముక్క” అని వాళ్లావిడ చెయ్యి పెట్టబోతే, “అది ఆర్కైవల్!” అని అరుపు.

ఈమధ్య టేపు మతమే వదిలేశాడు. ఇప్పుడు జపాన్ కోజో కాగితం. కత్తెర తగలకూడదు, నీళ్లతో గీత గీసి చింపాలి, అప్పుడే అంచున పొడుగాటి పీచులు లేచి చిరుగును పట్టుకుంటాయి. అతుకు వెనకవైపే వెయ్యాలి. బ్లాటింగ్ కాగితాల మధ్య బరువు కింద ఆరాలి. రేపు వద్దనుకుంటే కాస్త తడిపి తీసెయ్యొచ్చు.

లాబీలో ఈ ఉపన్యాసం నడుస్తుండగా వాచ్‌మన్ కాకా విన్నాడు. ఒకప్పుడు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో నిచ్చెనేసుకుని పోస్టర్లు అంటించిన మనిషి.

“దేంతోని అతికిస్తరు సార్?”

“గోధుమ స్టార్చ్ పేస్టు కాకా. ఉడికించి, చల్లార్చి, వడగట్టి...”

“అంటే మైదా బంకనే గద! జర మైలుతుత్తం ఎయ్యిండ్రి, పురుగు రాదు.”

శాస్త్రి మొహం మాడిపోయింది. మైదాలో గ్లూటెన్ ఉంటుందనీ, అది కడిగేశాక మిగిలిన పిండే వాడాలనీ, మైలుతుత్తంలోని రాగి కాగితాన్ని పెళుసు చేస్తుందనీ నిలబెట్టి చెప్పాడు. కాకా ఓపిగ్గా అంతా విన్నాడు.

“మంచిది సార్. గిన్నె తెస్తే నేనే ఉడకబెట్టిస్త. పోస్టర్ ఎప్పుడు తెస్తరు?”

శాస్త్రి జవాబు చెప్పలేదు. అప్పటికే ఫోన్‌లో జపాన్ కుంచెలు వెదుకుతున్నాడు.