అంగారధూళి: ఒక దొరవాక్యమునకు టీకాతాత్పర్యములు

మూలము: “ఎట్ ది ఎండ్ ఆఫ్ ది డే, ది బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్. డోంట్ షెడ్ క్రొకొడైల్ టియర్స్.”

అవతారిక: మంచిర్యాల జిల్లా జైపూరు ప్రాంతమున, పేరు చెప్పనొల్లని యొకానొక కార్యాలయమున, భూమి పోగొట్టుకొని కాగితము కొఱకు తిరుగుచున్న ముసలి రైతునకు ఒక యువాధికారి అనుగ్రహించిన మహావాక్యమిది. రైతు అడిగినది “నా కాయిదం ఎప్పుడొస్తది సారూ?” అని. ప్రశ్నలో మాటలు నాలుగు. ఉత్తరమునకు వలసినది ఒక తేదీ. తేదీకి మాఱుగ ఇంగ్లీషు నుడికారములు వరుసగ వెలువడుటచే, ఇవి సామాన్యజనులకు అందునవి గావనియు, గురుశుశ్రూష చేసి తెలిసికొనదగినవనియు గ్రహించి, అచటనే బల్లపై కూర్చుండి నా వంతు కొఱకు వేచియున్న నేను ఈ వ్యాఖ్యకు పూనుకొంటిని. మెదకు సీమలోని కొల్చారము వాడని ప్రతీతి గన్న మల్లినాథసూరి, మూలమున లేనిది వ్రాయననియు అక్కఱ లేనిది పలుకననియు ప్రతిన పట్టి, కాళిదాసు కావ్యములకు సంజీవనిని, భారవి కావ్యమునకు ఘంటాపథమును రచించెను. నేనట్టి ప్రతిన యేదియు పట్టలేదు. బొగ్గుసీమలో పుట్టినది గావున దీనికి అంగారధూళి యని నామకరణము చేసితిని. కంట బడినచో నీరు తెప్పించుట దీని ప్రయోజనము.

ప్రతిపదార్థము: బాల్, డే మున్నగు పదములకు అర్థములు ఏ నిఘంటువునందైనను దొరకును గాన విడిచిపెట్టుచున్నాను.

“ఎట్ ది ఎండ్ ఆఫ్ ది డే”: దినాంతమున. ఏ దినమునకు? బొగ్గుబాయి సీమలో దినమునకు అంతములు మూడు: మొదటి షిఫ్టు దిగినప్పుడొకటి, రెండవ షిఫ్టు దిగినప్పుడొకటి, రాత్రి షిఫ్టువారు ముఖములు కడుగుకొనకయే టీ బండి చుట్టు చేరినప్పుడొకటి. వక్త వీనిలో దేనిని ఉద్దేశించెనో నిర్ణయించుటకై ఆయన ముఖమును పరిశీలింపగా ఏ యంతమును ఉద్దేశింపలేదని తేలినది. కావున ఇది సంస్కృతశ్లోకములలో చ, వై, తు, హి యను అవ్యయములవలె పాదపూరణార్థకము. అయితే అవి ఏకాక్షరములు. కవికి అక్షరము చాలనప్పుడు మాత్రమే అక్కఱకు వచ్చునవి. ఇది ఆఱు మాటల పాదపూరణము, చెప్పవలసిన విషయము చాలనప్పుడు వచ్చునది.

“ది బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్”: ఇచట వివాదము కలదు. లక్షణకు మూడు సామగ్రులు వలయునని మమ్మటుడు చెప్పెను: ముఖ్యార్థమునకు బాధ, దానితో సంబంధము, రూఢి గాని ప్రయోజనము గాని. గంగయందు గొల్లపల్లె యన్నచో, నీటి నడుమ పల్లె నిలువదు గాన గట్టు అను అర్థము గ్రహింతుము. చల్లదనము, పావనత్వము స్ఫురింపజేయుట ప్రయోజనము. ప్రకృతమున రైతు చేతిలో బంతి లేదు. ఆడుటకు చోటును లేదు, ఉన్న రెండెకరములే తవ్వకములో పోయినవి గదా! కావున ముఖ్యార్థబాధ సిద్ధించినది. సంబంధము మృగ్యము. ప్రయోజనమందురా, అది వక్తకే గాని శ్రోతకు లేదు.

ఇంతలో రైతు స్వయముగ ఒక వ్యాఖ్య చేసెను. ఆ వాక్యమంతటిలో ఆయనకు తెలిసిన మాట ఒక్కటే. “కోర్టా? ఏ కోర్టుల పడ్డది సారూ? మంచిర్యాలల్నా, లక్షెట్టిపేటల్నా?” అని అడిగెను. అధికారి నవ్వెను, గుమాస్తా నవ్వెను, నవ్వవలయునని తెలిసి జవానును నవ్వెను. నాకు మాత్రము నవ్వు రాలేదు. టెన్నిసు ఆటస్థలమను దూరాన్వయము కంటె ముసలివాని యన్వయమే సూత్రసమ్మతము. కాగితము ఇచ్చునని గాని ఇవ్వనని గాని చెప్పని కార్యాలయము చివరకు మనుష్యుని ఎచటికి పంపును? న్యాయస్థానమునకే. కావున రైతు పక్షమే సిద్ధాంతము, అధికారిది పూర్వపక్షము.

“క్రొకొడైల్ టియర్స్”: ఇచట వ్యాఖ్యాత కొంత తీఱికగ కూర్చుండవలసియున్నది, ఏలయన మొసలి మాకు పరాయిది గాదు. ఇదే జైపూరు మండలమున గోదావరి యొడ్డున శివ్వారము అభయారణ్యము కలదు. అందలి మడుగుల మొసళ్లు చలికాలపు టెండకు గట్టుకెక్కి నోళ్లు తెఱచుకొని గంటల తరబడి కదలక పడియుండును. నోరు తెఱచుట ఆకలి వలన గాదు, ఒంటి వేడిమిని సరిచూచుకొనుటకట. అది ఏడ్చునని ఆ పొరుగున పుట్టి పెరిగిన జాలరులెవ్వరును నాతో చెప్పియుండలేదు.

మఱి చెప్పినదెవరు? పదునాలుగవ శతాబ్దమున సర్ జాన్ మాండవిల్ అను పేర ఐరోపాలో వెలసిన యాత్రాగ్రంథమున, మొసళ్లు మనుష్యులను తినుచు ఏడ్చునని యున్నది. ఆ గ్రంథకర్త తాను తిరిగితినని చెప్పిన దేశములలో పెక్కింటికి పోనే లేదని పండితుల నిశ్చయము. పోనివాడు వ్రాసిన దానిని చూడనివారు నమ్మిరి. షేక్స్పియరు ఒథెల్లోలో వాడుకొనెను. అటనుండి పాఠశాలలకును, పాఠశాలల నుండి మన దినపత్రికల శీర్షికలకును ఎక్కి, ఇప్పుడు ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ప్రతి పక్షమువాడును ఎదుటి పక్షమువాని కంట మొసలి కన్నీరే చూచుచున్నాడు. మనకు కొంగజపము లేదా, పిల్లిశీలము లేదా? ఉన్నవి, కాని వానికి ఫారిన్ సరకు యొక్క నిగనిగ లేదు.

న్యాయము తప్పరాదు గనుక ప్రతిపక్షపు సాక్ష్యమును కూడ చెప్పెదను. 2007లో అమెరికాలోని ఫ్లారిడాలో శాస్త్రజ్ఞులు మొసలి జాతి జంతువులకు గట్టు మీద మేత పెట్టి చిత్రములు తీయగా, ఏడింటిలో అయిదింటికి తినునప్పుడు కన్ను చెమర్చినది. అయితే పరీక్షకు నిలిచినవి అసలు మొసళ్లు గావు, ఎలిగేటరు, కైమాను అను వాని దాయాదులు. ఆ నీరును దుఃఖాశ్రువు గాదు. దవడలాడునప్పుడు బుసకొట్టు గాలి కన్నీటి గ్రంథుల నదుముటచే వచ్చునేమో యని వారి యూహ. భోజనమున మిరపకాయ కొఱికి కన్నీరు పెట్టుకొనువానిని కపటియని ఎవరును అనరు. ఈ అపవాదు మొసలికొక్కదానికే దక్కినది.

మన వాఙ్మయపు మొసళ్లందును ఈ లక్షణము కానరాదు. పంచతంత్రములోని మొసలి కోతి గుండెకాయకై మోసము తలపెట్టినది. అదియును ఆలి పోరు పడలేక. భాగవతములోని మకరి హూహూ అను గంధర్వుడు, దేవలుని శాపమున నీట పడినవాడు. పోతనామాత్యుని గజేంద్రమోక్షమును పలుమాఱు చదివితిని. అందు మొసలి పట్టినదేగాని ఏడ్చినది లేదు. మొఱపెట్టినది ఏనుగు. కాలు చిక్కినవాడే ఏడ్చును. పట్టినదానికి ఏడ్పుతో పని యేమి? ఆ మొఱ విన్న శ్రీహరి “డోంట్ షెడ్ క్రొకొడైల్ టియర్స్” అనలేదు. ఫైలు పైకి పంపుమని గరుత్మంతునికి పురమాయింపలేదు. ఇంటిలో చెప్పనైన చెప్పక లేచి వచ్చెను.

ఎచటికో పోయితిని. ఆ రైతు కంటినీరు సంగతి చెప్పుచుంటిని గదా. ఆయన ఏడ్చుట లేదు. ఎడమ కంట శుక్లము. నీరు తనంతట కాఱుచుండగా కండువా కొసతో ఒత్తుకొనుచు, ప్లాస్టిక్ సంచిలో నుండి పట్టాదారు పాసుపుస్తకమును తీసి, చెమట అంటకుండ రెండు వ్రేళ్ల కొసలతో బల్లపై పెట్టెను. అధికారి దానిని తెఱవలేదు. దుఃఖము లేనిచోట దుఃఖము కల్పించి, ఆ కల్పిత దుఃఖము దొంగదని తీర్పు చెప్పి, ఆ తీర్పును ముద్దాయికి రాని భాషలో వినిపించుట: ఈ మూడును ఒక్క చిన్న వాక్యమున నిమిడ్చినందుకు వక్తకు నమస్కరింపవలసినదే.

తాత్పర్యము: పోయి రమ్ము.

విశేషాంశములు: ఇట్టి వాక్యములు మఱల చెవిన బడినచో తెలిసికొనవలయునని గ్రామములవారు పిల్లలను స్పోకెన్ ఇంగ్లీషు తరగతులకు పంపుచున్నారు. ఉద్యోగపరీక్షలలోను నుడికారమునకు నాలుగర్థములిచ్చి ఒకటి గుర్తింపుమందురు. మా వీథి పిల్లవాడొకడు అట్టి గైడును బట్టీయము వేయుచుండగా వింటిని. “ఎట్ ది కోల్‌ఫేస్” అనగా ఆచరణాత్మకముగ పని జరుగు స్థానమట. వాని తండ్రి ఇరువదియేండ్లుగ భూగర్భగనిలో బొగ్గు తవ్వు ఫేస్ వద్దనే పని చేయుచున్నాడు. ఇంటిలో రాత్రి భోజనమున ఫేస్ మాట రాని దినము లేదు. ఆ ఫేసే ఈ ఫేసని వానికి ఎవరును చెప్పలేదు. “కానరీ ఇన్ ఎ కోల్ మైన్” అనగా ముందస్తు హెచ్చరికయట. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడును కనిపెట్టుటకు, మనుష్యుని కంటె ముందు తాను సొమ్మసిల్లు చిన్ని పక్షిని బాయిలోనికి కొనిపొమ్మని హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు చెప్పెననియు, 1986 వఱకు బ్రిటను గనులలో ఆ పక్షులు కొలువు చేసెననియు గైడులో లేదు. బొగ్గుపని వారి నోట పుట్టిన మాటలు సముద్రములు దాటి బొగ్గుపని వారి బిడ్డలకే బోధింపబడుచుండగా, వానిలోని బొగ్గును మాత్రము మాస్టరుగారు కడిగివేసినారు.

“క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాజిల్” వచ్చునప్పటికి ఇక నేనూరకుండలేకపోతిని. బొగ్గు పండు ఊరికే బొగ్గు మోసికొనిపోవుట యని అర్థము చెప్పి, దృష్టాంతమును జోడించితిని. జైపూరులో 600 మెగావాట్ల యంత్రములు రెండు 2016 నుండి సింగరేణి బొగ్గును కరెంటుగ మార్చుచున్నవి. 2022లో బొగ్గు కొఱత వచ్చినప్పుడు విద్యుత్కేంద్రములు నూటికి పదిపాళ్లు విదేశపు బొగ్గు కలుపుకొనవలెనని కేంద్రము చెప్పెను. సింగరేణి యుండగా అది మాకేలయని రాష్ట్రము వాదించెను. ఎవరి వాదము నిలిచెనో అటుంచుము, ఆ సామెతకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము ఇంగ్లండులోను దొరకదు, వ్రాసికొనుమంటిని.

వాడు పెన్ను ఎత్తనైన ఎత్తలేదు. “గైడుల లేదు తాతా, పరీక్షల రాదు” అనెను.