జాబితాలో ఉన్న డాక్టరు ఎక్కడున్నారు సార్?

మహారాజశ్రీ బాల్టిమోర్ వాస్తవ్యులు, ముసలివాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ వ్యవహారాలు చూసే పెద్దల సముఖానికి,

టెక్సస్ నుంచి డెబ్బై రెండేళ్ళ రిటైరయిన మనిషి నమస్కరించి రాసుకునే విన్నపం. 2025 ఏప్రిల్ నెల, ఇక్కడ అప్పుడే ఎండలు మొదలయ్యాయి. మీరు ఏటా పంపే 'మెడికేర్ అండ్ యూ' పుస్తకం చేతిలో ఉంది. అద్దాలు మార్చుకుని మరీ చదివాను. ముసలివాళ్ళ మీద మీకున్న దయకి ఏమిచ్చి రుణం తీర్చుకోగలం? ఒకటి రెండు ప్లాన్లయితే చాలవేమోనని, సగటున మనిషికి నలభైకి పైగా ప్రైవేటు కంపెనీల అడ్వాంటేజ్ ప్లాన్లు వరసగా పరిచిపెట్టారు. పెళ్ళివిందులో కూడా ఇన్ని రకాలు వడ్డించరు.

తమరి వడ్డనకి వంక పెట్టడం లేదు. ఒక్కటే సందేహం. మా ఆవిడ గుండె డాక్టరు ఎక్కడున్నారు?

పోయిన వారం ఆర్నెల్ల చెకప్‌కి వెళ్ళాం. ఆవిడకి స్టెంటు వేసినప్పటి నుంచీ చూస్తున్న డాక్టరే. ముందు కూర్చున్న అమ్మాయి మా కొత్త కార్డు తీసుకుంది, తిప్పింది, మళ్ళీ తిప్పింది. "ఈ ప్లాన్ మేం జనవరి నుంచి తీసుకోవడం లేదు" అంది. నేను ఫోన్ తీసి కంపెనీ డైరెక్టరీ చూపించాను. డాక్టరు గారి పేరుంది, ఫొటో ఉంది, పక్కన పచ్చ టిక్కు ఉంది, 'కొత్త పేషెంట్లను తీసుకుంటున్నారు' అని కూడా ఉంది. మూడు అడ్రసులు ఉన్నాయి. అందులో ఒకచోట ఇప్పుడు పళ్ళ డాక్టరుంటున్నాడు. ఆ అమ్మాయి నా ఫోన్ వైపు సరిగా చూడను కూడా చూడలేదు. రోజూ ఎవరో ఒకరు ఆ పచ్చ టిక్కే చూపిస్తారట.

అక్కడే నిలబడి కంపెనీకి ఫోన్ చేశాను. పాట వినిపించారు. చాలాసేపు వినిపించారు. చివరికి ఒకాయన వచ్చి, "మా సిస్టంలో ఆయన నెట్‌వర్క్‌లోనే ఉన్నారు సార్" అన్నాడు. ఫోను ఆ అమ్మాయికిచ్చాను. "మా సిస్టంలో లేరు" అంది. కాసేపు రెండు సిస్టంలూ ఒకదానితో ఒకటి మర్యాదగా మాట్లాడుకున్నాయి. బీపీ చూపించుకుందామని పొద్దున్నుంచి కాఫీ మానేసి వచ్చిన మా ఆవిడ కుర్చీలో కూర్చుని, "ఏమండీ, ఇంతకీ చూస్తారా చూడరా?" అని అడిగింది. చూడలేదు. మాది హెచ్‌ఎంవో. ఇలాంటి చెకప్‌కి బయటి డాక్టరయితే కంపెనీ ఒక్క డాలరు ఇవ్వదు.

ఇక మర్యాదలు పక్కన పెడతాను సార్. నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఈ ప్లాను మేము టీవీలో ప్రకటన చూసి తీసుకున్నది కాదు. పాత ప్లాన్‌ని ఆ కంపెనీ మా కౌంటీలో ఎత్తేసింది కాబట్టి, అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకా మీరిచ్చిన గడువులో కొత్తది వెతుక్కోవాల్సి వచ్చింది. ఆస్టిన్‌లో ఉన్న మా అమ్మాయి ఎక్సెల్ షీటు తయారు చేసింది. ఒక వరసలో ప్రీమియం, ఒక వరసలో స్పెషలిస్టు కోపే, ఒక వరసలో ఏడాదికి మా జేబులోంచి పోయే గరిష్ఠం. ఆ గరిష్ఠం 9,350 డాలర్ల దాకా పెట్టుకోవచ్చని ఈ ఏటికి మీరే అనుమతిచ్చారు. మా ఆవిడ మందులన్నీ ఒక్కొక్కటిగా ఏ ప్లాన్‌లో ఏ టియర్‌లో ఉన్నాయో, ఏ ఫార్మసీలో ఎంతో చూశాం. తెలుగు ఏజెంటు అబ్బాయొకడు ఇంటికొచ్చి, "అంకుల్, ఇది తీసుకోండంకుల్, పళ్ళకి రెండు వేలు, కళ్ళజోడుకి మూడొందలు, జిమ్ ఫ్రీ" అన్నాడు. మంచి పిల్లాడే. కానీ ఈ 2025లో కొత్తగా ఒకరిని చేర్పిస్తే చాలా రాష్ట్రాల్లో 626 డాలర్ల దాకా, తర్వాత ఏటా అందులో సగం వాడికొస్తుందని నాకు తెలుసు. అసలు మెడికేర్ కట్టగా మిగిలే ఖర్చు చూసుకునే మెడిగ్యాప్ పాలసీ గురించి వాడు పల్లెత్తు మాట అనలేదు. పళ్ళు, జిమ్ము పక్కన పెట్టి మేము చూసుకున్నది ఒక్కటే: ఆ గుండె డాక్టరు జాబితాలో ఉన్నారా? ఉన్నారు. పచ్చ టిక్కుతో సహా ఉన్నారు.

ఆ ఒక్కటే అబద్ధమైతే, మిగతా ముప్ఫై తొమ్మిది ప్లాన్లతో పోల్చి నేను తేల్చుకున్నదేమిటి సార్?

జాబితాలు ఇలా ఉంటాయని మీకు తెలియదంటే నమ్మను. మీ వాళ్ళే అడ్వాంటేజ్ కంపెనీల ఆన్‌లైన్ డైరెక్టరీలు తీసి, ఫోన్లు చేసి సరిచూసి, 2018లో నివేదిక ఇచ్చారు. చూసినవాటిలో 48.74 శాతం చోట్ల కనీసం ఒక తప్పు ఉంది. ఆ తర్వాత ఉత్తరాలు రాశారు, హెచ్చరించారు. ఏడేళ్ళయింది. మీరిచ్చే నక్షత్రాలున్నాయే, ఒకటి నుంచి ఐదు దాకా, వాటిలో కాల్ సెంటర్‌లో దుభాషి దొరుకుతున్నారా లేదా అన్నదానికి కూడా మార్కులున్నాయి. డాక్టర్ల జాబితా నిజమా కాదా అన్నదానికి లేవు. మా ప్లానుకి నాలుగు నక్షత్రాలు. శుభం.

సరే, తప్పు జరిగింది, ప్లాన్ మారుస్తానంటే తలుపు మూసేశారు. జనవరి 1 నుంచి మార్చి 31 లోపల ఒకసారి మార్చుకోవచ్చు. మా అపాయింట్‌మెంటు ఏప్రిల్‌లో పడింది. గుండెకి ఆ క్యాలెండరు తెలియదు పాపం. అసలు కంపెనీకి ఏ క్యాలెండరూ లేదు. ఏడాది మధ్యలో ఏ డాక్టరునైనా తీసేయొచ్చు, డాక్టరే బయటికి పోవచ్చు. నెట్‌వర్క్‌లో వచ్చిన మార్పు పెద్దదని మీరు తేలిస్తే తప్ప మేము మాత్రం కదలడానికి లేదు. డిసెంబరు దాకా బందీలం. ఐదు నక్షత్రాల ప్లానుంటే ఎప్పుడైనా ఒకసారి దూకవచ్చంటారు, మా కౌంటీ జాబితాలో నాకు అలాంటిది కనపడలేదు. కంపెనీ తప్పుడు సమాచారమిచ్చిందని మీకు మొరపెట్టుకుంటే ప్రత్యేకంగా అవకాశం ఇస్తారట. అదీ కేసు కేసుకీ చూసి. అంటే డెబ్బై ఏళ్ళ మనిషి ఋజువులు పట్టుకుని మీ ముందు నిలబడాలి. కంపెనీ మాత్రం తన జాబితా నిజమని ఇప్పటిదాకా ఎవరి ముందూ నిలబడి చెప్పక్కర్లేకపోయింది.

"అయితే అడ్వాంటేజ్ మానేసి అసలు మెడికేర్‌కే వెళ్ళిపోండి అన్నగారూ" అని ఫ్రిస్కో హనుమంతుడి గుడిలో ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అదృష్టవంతుడు, అరవై ఐదు నిండగానే మెడిగ్యాప్ ప్లాన్ జి తీసుకుని కూర్చున్నాడు. డాక్టరు ఖర్చులు చూసే పార్ట్ బి మొదలైన ఆరు నెలల్లోపు అడిగితే ఏ రోగముందని అడక్కుండా మెడిగ్యాప్ ఇవ్వాలి. ఆ ఆరు నెలలు దాటాక మామూలుగా మా టెక్సస్‌లో కంపెనీ ప్రశ్నలు వేస్తుంది: స్టెంటుందా? ఉంది. అయితే నమస్కారం. న్యూయార్క్, కనెక్టికట్, మసాచుసెట్స్, మెయిన్, ఈ నాలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళకి తర్వాత కూడా రక్షణ ఉంది. గుండె జబ్బు వచ్చేలోపు అక్కడికి మకాం మార్చుకోవాలని ఎవరూ చెప్పలేదు. మెడిగ్యాప్ లేని అసలు మెడికేర్‌లో మా వాటాగా పడే ఇరవై శాతానికి గరిష్ఠమంటూ లేదు. ఇటు గొయ్యి, అటు నుయ్యి.

1965 జూలై 30న మిస్సోరీలోని ఇండిపెండెన్స్ ఊళ్ళో అధ్యక్షుడు జాన్సన్ గారు మెడికేర్ చట్టం మీద సంతకం పెట్టి, మొదటి కార్డు మాజీ అధ్యక్షుడు ట్రూమన్ గారికిచ్చారు. ఆ కార్డు వెనక డాక్టర్ల జాబితా లేదు. ప్రైవేటు కంపెనీలకి 1997లో గేటు బాగా తెరిచారు, 2003లో అడ్వాంటేజ్ అని పేరు పెట్టారు, ఇవాళ మాలో సగానికి పైగా అందులోనే ఉన్నాం. వాళ్ళు చవగ్గా చేస్తారనే కదా తెరిచింది? అవే మనుషుల్ని అసలు మెడికేర్‌లో ఉంచితే అయ్యేదాని కంటే ఈ ఏడు 84 బిలియన్ డాలర్లు ఎక్కువ కట్టబోతున్నారని కాంగ్రెస్‌కి సలహా చెప్పే మెడ్‌పాక్ మొన్న మార్చిలో లెక్క కట్టింది. అంత డబ్బులో ఒక గుమాస్తాని పెట్టి, నెలకోసారి డాక్టర్ల ఆఫీసులకి ఫోన్ చేయించి, "మా ప్లాన్ ఇంకా తీసుకుంటున్నారా?" అని అడిగించలేరా?

ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి మిగతావీ కక్కేస్తాను.

ప్రయర్ ఆథరైజేషన్, అంటే చికిత్సకి ముందే కంపెనీ అనుమతి అడగడం. 2023లో ఈ కంపెనీలు దాదాపు ఐదు కోట్ల అర్జీలు చూసి, 6.4 శాతం కాదన్నాయి. కాదన్నవాటిలో నూటికి పన్నెండు మందే అప్పీలు చేశారు. చేసినవాళ్ళలో నూటికి ఎనభైమందికి పైగా గెలిచారు. అప్పీలు చేయని ఆ ఎనభై ఎనిమిది మంది ఎవరనుకుంటున్నారు? ఫారం నింపడానికి పక్కన అమ్మాయి లేనివాళ్ళు.

ఇండియా ప్రయాణం. చలికాలం హైదరాబాదులో గడుపుదామని దీపావళికి ముందు బయల్దేరి ఉగాది చూసుకుని వచ్చే జంటలు మాలో బోలెడంత మంది. ప్లాన్ పరిధి దాటి ఆరు నెలలకు మించి ఉంటే చాలా ప్లాన్లు పేరు కొట్టేస్తాయి. ఈ సంగతి ఏ ఏజెంటూ చెప్పడు, వందల పేజీల పుస్తకంలో ఎక్కడో ఉంటుంది. అక్కడ ఆస్పత్రిలో పడితే అసలు మెడికేర్ పైసా ఇవ్వదు. కొన్ని మెడిగ్యాప్ ప్లాన్లు ఎమర్జెన్సీకి, అదీ ప్రయాణంలో మొదటి అరవై రోజుల్లో, జీవితం మొత్తానికి 50,000 డాలర్ల లోపు ఇస్తాయి.

మా వియ్యపురాలు. కొడుకు గ్రీన్‌కార్డు తెప్పిస్తే వచ్చింది, ఐదేళ్ళు ఓపిగ్గా ఆగింది. ఈ దేశంలో నలభై క్వార్టర్లు, అంటే పదేళ్ళు, పనిచేయలేదు కాబట్టి ఆస్పత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ కొనుక్కోవాలి. ఈ 2025లో నెలకు 518 డాలర్లు. పార్ట్ బి 185. మొత్తం 703 కట్టి, అప్పుడు ఈ నలభై ప్లాన్ల సంతలోకి వచ్చి ఎంచుకోమంటారు. కంపెనీ కాగితాలతో పాటు భాషాసాయం షీటొకటి నిన్నమొన్నటిదాకా వచ్చేది, గుర్తుందా? అందులో హిందీ ఉండేది, పోలిష్ ఉండేది, జపనీస్ ఉండేది. తెలుగు లేదు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పప్పు డబ్బా కింద పరిచింది.

న్యాయం కూడా చెప్పాలి. ఈ 2025లో ప్లాన్‌లో కవరయ్యే మందులకి మా జేబులోంచి పోయే ఖర్చు 2,000 డాలర్లు దాటకుండా ఆపారు. ఇన్సులిన్ నెలకు 35. మా వీధిలో దాంతో ఊపిరి పీల్చుకున్న ఇళ్ళున్నాయి. ఒక గీత గీసి, ఇది దాటొద్దని కంపెనీలకి చెప్తే అవి దాటలేదు. అంటే మీకు చేతకాక కాదు.

అందుకే కోపం దిగమింగుకుని అడుగుతున్నాను సార్. ఎక్కువేమీ వద్దు. జిమ్ వద్దు, కిరాణా కార్డు వద్దు, టీవీలో నవ్వే ముసలి నటులు వద్దు. నలభై ప్లాన్లు నాలుగైనా ఫర్వాలేదు. డిసెంబరు 7న జాబితాలో ఏ డాక్టరు పేరు చూపించి చేర్చుకున్నారో, ఆ డాక్టరు ఆ ఏడాదంతా ఆ కోపేకే చూసేట్టు చేయండి. ఆయన నెట్‌వర్క్‌లో లేకపోతే తేడా డబ్బు కంపెనీ కట్టాలి. అది కుదరదంటే, ఆయన బయటికి పోయిన రోజునే మాకూ బయటికి పోయే అవకాశమివ్వండి, మెడిగ్యాప్ కంపెనీ స్టెంటు గురించి అడగకుండా. చేతులు జోడించి అడుగుతున్నాను. నెట్‌వర్క్‌లో నిజంగానే ఉన్న ఇంకొక కార్డియాలజిస్టు దొరికారు, ఫోన్ చేసి రెండుసార్లు రూఢి చేసుకున్నాం. కొత్త పేషెంటుకి ఆయన దగ్గర ఖాళీ ఆగస్టులో ఉందట. నాలుగు నెలలు ఆవిడ ఆగగలదు, ఆగాలి. కానీ ఈ అక్టోబరు 15కి ముందే ఆ జాబితాలు సరిచేయించండి సార్.

ఇట్లు,
తమ కార్డుదారుడు

తా.క. చదువుతున్న తెలుగువాళ్ళకి: ఈసారి కంపెనీ పేరు ఒక్కటే చెప్పి డాక్టరు ఆఫీసుని అడగకండి. ఒకే కంపెనీకి పది ప్లాన్లుంటాయి. ప్లాన్ పూర్తి పేరు, నంబరు చదివి వినిపించి, వచ్చే జనవరిలో కూడా తీసుకుంటారా అని అడగండి. ప్రతి రాష్ట్రంలోనూ ప్రభుత్వం నడిపే షిప్ అనే ఉచిత సలహా కేంద్రాలున్నాయి, మా టెక్సస్‌లో హైక్యాప్ అంటారు. వాళ్ళకి కమిషన్ లేదు.