కళ్లె చూసిన కన్ను

నేను మైక్రోస్కోపుని. గోదావరి తీరాన ఒక ఛాతీ జబ్బుల ఆసుపత్రి ల్యాబులో చాలా ఏళ్లు పనిచేశాను. కరెంటు పోతే నన్ను కిటికీ దగ్గరికి జరిపి, కింది అద్దం ఎండకు తిప్పి పని నడిపించేవారు.

పొద్దున్నే డబ్బాల్లో కళ్లె వచ్చేది. రంగు వేసిన స్లైడు మీద క్షయ క్రిములు ఎర్రటి సన్న పుల్లల్లా కనబడేవి. కనబడితే మందులు మొదలుపెట్టేవారు. లేకపోతే ‘నెగెటివ్’ అని రాసి డబ్బా పారేసేవారు. నా బాధంతా ఆ పారేసిన డబ్బాల గురించే. అందులో ఉబ్బసం వాళ్ల కళ్లె ఎంతో ఉండేది. లీష్మన్ రంగు వేసి ఇంకొక్కసారి నా కింద పెట్టి ఉంటే, అది ఏ రకం ఉబ్బసమో చెప్పేదాన్ని.

ఇది ఉత్తి గొప్ప అనుకోకండి. దీర్ఘకాలపు ఉబ్బసానికి స్టెరాయిడ్లతో పెద్దగా ఒరిగేదేమీ లేదని 1956లో బ్రిటన్‌లో ఒక ప్రయోగం తేల్చింది. డెర్బీలో హ్యారీ మారో బ్రౌన్ అనే డాక్టరు అంతటితో ఊరుకోలేదు. రోగుల కళ్లెను మా వాళ్ల కింద పెట్టి చూశాడు. ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు ఉన్నవాళ్లకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ చక్కగా పనిచేసింది, లేనివాళ్లకు చేయలేదు. అందరినీ ఒకే గాటన కట్టి లెక్కేస్తే మంచి మందు కూడా దండగలాగే కనబడుతుంది మరి. 1958లో లాన్సెట్‌లో ఆయన ఇదంతా రాస్తే, పట్టించుకున్నవాళ్లు కొద్దిమందే.

2002లో లెస్టర్‌లో 74 మందిని రెండు జట్లు చేసి ఏడాదిపాటు చూశారు. కళ్లె చూసి మందు సర్దిన జట్టులో తీవ్రమైన ఆయాసాలు 35. మామూలు పద్ధతిలో నడిచిన జట్టులో 109. వాడిన స్టెరాయిడ్ సగటున రెండు జట్లలోనూ దాదాపు అంతే! ఉబ్బసానికిచ్చే మెపోలిజుమాబ్ ఇంజెక్షన్‌దీ అదే కథ. కణాలు చూడకుండా ఇచ్చినప్పుడు తేలిపోయింది. ఇయోసినోఫిల్స్ ఉన్నవాళ్లను ఏరి ఇస్తే 2009లో నెగ్గింది, 2015లో అమెరికాలో అనుమతి పొందింది.

క్షయ పరీక్షకు కొత్త యంత్రం వచ్చాక నన్ను గూట్లోకి తోసేశారు. చివరిసారి వాడినవాళ్లు వంద రెట్ల కటకం మీద నూనె తుడవలేదు. అది ఎండి పసుపురంగు పెచ్చు కట్టింది. నా మూత బాగానే ఉంది, కానీ దాన్ని ఇంకో యంత్రానికి తొడిగారు. నా మీద దుమ్ము పడుతోంది. వానాకాలంలో కటకాల లోపల బూజు దారాలు అల్లుకుంటాయి. ఆయాసంతో వచ్చినవాళ్లు ఇప్పటికీ ఆ కిటికీ పక్కనే కూర్చుంటారు. అందరి చీటీలోనూ దాదాపు అదే ఇన్హేలర్.

ఇప్పుడు కళ్లెకు బదులు రక్తంలో ఇయోసినోఫిల్స్ లెక్కిస్తున్నారు, ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ కొలుస్తున్నారు. నాకు సంతోషమే. అయితే మన వైపు నులిపురుగులున్నా, ఫైలేరియా ఉన్నా రక్తంలో ఆ కణాలు పెరుగుతాయి. శ్వాసనాళాల్లో ఏం జరుగుతోందో తెలియాలంటే కళ్లె కూడా చూడాలి. ఆ పని నాకు చేతనవును. కటకం మీది పెచ్చు గ్జైలీన్‌తో పోతుంది, అద్దం ఇంకా పగల్లేదు.