జాన్ రాజుగారి జాతక దోషం

ఇంగ్లండ్‌ను 1199 నుంచి 1216 దాకా ఏలిన జాన్ చెడ్డ రాజు కాడనీ, పాపం అదృష్టం కలిసిరానివాడనీ వాదించే వకీళ్లు అప్పుడప్పుడూ పుట్టుకొస్తుంటారు. అన్న రిచర్డ్ యుద్ధాలతో ఖజానా ఊడ్చిపెట్టి పోయాడు, ధరలు మండిపోయాయి, ఎదుట నిలిచిన ఫ్రాన్స్ రాజు రెండో ఫిలిప్ గట్టివాడు. మూడూ నిజాలే. అయితే ఏలిననాటి శని కూడా ఏడున్నరేళ్లకు వదిలిపోతుంది. జాన్‌ను పదిహేడేళ్లూ పట్టి పీడించిన ఆ గ్రహం ఏదో చూడాల్సిందే.

తొలి దోషం పెళ్లిలో కనబడుతుంది. లుసిన్యాన్ వంశపు హ్యూకు నిశ్చయమైన అంగులేమ్ ఇసబెల్లాను 1200లో జాన్ తాను చేసుకున్నాడు. వరుడి తరఫువారిని సముదాయించాల్సింది పోయి వారి భూముల మీదే పడ్డాడు. వారు ఫిలిప్‌కు మొరపెట్టుకున్నారు. ఫ్రాన్స్‌లోని భూముల వరకు జాన్ ఆయనకు సామంతుడే. పిలిచినా వెళ్లకపోవడంతో 1202లో ఫిలిప్ ఆ భూములను జప్తు చేశాడు. ఆ ఏడే మిరెబో దగ్గర అదృష్టం వెతుక్కుంటూ వచ్చింది: సింహాసనానికి పోటీదారైన మరో అన్న కొడుకు ఆర్థర్ చేజిక్కాడు. చెరలో పడ్డ ఆ కుర్రవాడు మరుసటి ఏడు నుంచి ఎవరికీ కనబడలేదు. హడలిపోయిన మిత్రులు పక్కకు జరిగారు. 1204లో నార్మండీ చేజారింది.

రెండో దోషం డబ్బు. యుద్ధానికి రాని సామంతులు కట్టాల్సిన పన్నును జాన్ 11 సార్లు వేశాడు. భర్తతో ఒక్క రాత్రి గడిపేందుకు హ్యూ డి నెవిల్ భార్య 200 కోళ్లు ఇస్తానన్నట్టు 1204 నాటి రాజుగారి లెక్కల్లోనే ఉంది. అది సరసమో సుంకమో పండితులు ఇంకా తేల్చలేదు. 1214లో, తాను వదిలేసిన మొదటి భార్యను పెళ్లాడేందుకు జెఫ్రీ డి మాండెవిల్‌కు 20,000 మార్కుల ధర కట్టాడు. మరుసటి ఏడు ఆ పెళ్లికొడుకు తిరుగుబాటుదారుల్లో తేలాడు. ఇదీ గ్రహచారమే కాబోలు!

మూడోది దేవుడితోనే పేచీ. పోప్ ఎంపిక చేసిన ఆర్చిబిషప్ స్టీఫెన్ లాంగ్టన్‌ను కాదన్నందుకు 1208 నుంచి ఆరేళ్లపాటు దేశంలో చర్చి సేవలు ఆగిపోయాయి. చివరకు 1213లో జాన్ రాజ్యాన్నే పోప్‌కు సమర్పించి, ఏటా 1,000 మార్కుల కప్పానికి ఒప్పుకున్నాడు. మరుసటి ఏడు బువీన్ యుద్ధంలో జాన్ మిత్రులు ఫిలిప్ చేతిలో ఓడారు. 1215 జూన్‌లో ప్రభువులు రనీమీడ్‌లో జాన్‌ను రాజు అధికారానికి హద్దులు పెట్టే మాగ్నా కార్టాకు ఒప్పించారు. ఆగస్టుకల్లా పోప్ చేత దాన్ని రద్దు చేయించి, జాన్ అంతర్యుద్ధం తెచ్చుకున్నాడు.

1216 అక్టోబర్‌లో వాష్ తీరం దాటుతుండగా ఆయన సామాను బళ్లు నీటిపాలయ్యాయి. వకీళ్లకు మిగిలిన గట్టి సాక్ష్యం ఇదొక్కటే. సముద్రానికి పోటు రోజూ వస్తుందన్న సంగతి మాత్రం వారు ఎత్తరు. కొద్ది రోజులకే జాన్ విరేచనాల జబ్బుతో నెవార్క్‌లో కన్నుమూశాడు.

తర్వాత గద్దెనెక్కిన కొడుకు వయసు తొమ్మిదేళ్లు. ఖజానా ఖాళీ, లండన్ ఫ్రెంచి యువరాజు లూయీ చేతిలో. ఇంతకంటే చెడ్డ జాతకం ఉండదు. అయినా సంరక్షకుడు విలియం మార్షల్ అదే నవంబర్‌లో మాగ్నా కార్టాను మార్పులతో తిరిగి ప్రకటించాడు, 1217లో లింకన్‌లో గెలిచాడు, లూయీ ఇంటిదారి పట్టాడు. పాత కష్టాలన్నీ అలాగే ఉన్నాయి. లేనిది జాన్ ఒక్కడే.