పాప పేరు ఔట్నూరి

మన పురాణాల్లో ఆడవాళ్లను సొంత పేరుతో కన్నా పుట్టింటి పేరుతోనే ఎక్కువ పిలిచారు. కోసల నుంచి వచ్చినామె కౌసల్య, కేకయ నుంచి వచ్చినామె కైకేయి. గాంధార రాజు బిడ్డ గాంధారి, మద్ర రాజు చెల్లెలు మాద్రి, పాంచాల రాజు కూతురు పాంచాలి. సీతమ్మకైతే రెండు: మిథిల లెక్కన మైథిలి, విదేహ లెక్కన వైదేహి. రుక్మిణమ్మ వైదర్భి. ఆ విదర్భ ఎక్కడో లేదు, ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే వచ్చేదే.

ఈ పురాణమంతా ఎందుకంటే, మా మేనకోడలికి ఆడపిల్ల పుట్టింది. తొట్టెలకు ఉట్నూరు వచ్చిన అల్లుడు ఫోన్‌లో పేర్ల జాబితా తెచ్చాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కొలువు కదా, ఇప్పుడు విదేశీ ఊళ్ల పేర్లు, దేశాల పేర్లే ట్రెండట. సియెన్నా, వియెన్నా, కెన్యా, జార్జియా.

"జార్జియా అంటే అమెరికాలో రాష్ట్రమా, రష్యా పక్కనున్న దేశమా?" అని అడిగాను.

"ఏదైతేంది మామా, మనం రెండిట్లకూ పోలే."

దొరలను తప్పుపట్టను. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1820లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పుట్టింది కనుక ఆ పేరు. వాళ్లక్క నేపుల్స్‌లో పుడితే, ఆ ఊరి పాత గ్రీకు పేరు వెతికి పార్థెనోపీ అని పెట్టారు. కాన్పుకు పుట్టింటికి పోకుండా దేశాలు పట్టి తిరిగితే ఇట్లాగే ఉంటుంది. ఆ దంపతులు ఇటు వచ్చి ఉంటే ప్రపంచంలోని నర్సులంతా ఇవాళ ఇచ్చోడ నైటింగేల్‌కు దండం పెట్టేవాళ్లు. మన ఆఖరి వైస్రాయి మౌంట్‌బాటెన్‌కు 1967లో పుట్టిన ఒక మనవరాలి పేరు ఇండియా. దేశం వదిలిపోయి ఇరవై ఏళ్లయినా వాళ్లకు దాని మీద మనసు చావలేదన్నమాట. వాళ్లకు మన దేశమే ముద్దొచ్చినప్పుడు, మా అల్లుడికి మా మండలం ముద్దు రాకూడదా?

అందుకని చుట్టుపక్కల పేర్లు ఏకరువు పెట్టాను. కెరమెరి అన్నాను, ఆడపిల్ల పేరుకు కావలసిన ఇకారం ముందే ఉంది. అల్లుడు పలకలేదు. తిర్యాణి అన్నాను. బడిలో మొదటి రోజే బిర్యానీ చేస్తారంది మేనకోడలు. ఇంద్రవెల్లి అనబోతే మా అక్క చెయ్యి అడ్డం పెట్టింది. 1981 ఏప్రిల్ 20న అక్కడ గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ఆ పేరు వింటే ఇక్కడ ముందు స్తూపమే గుర్తొస్తుంది. మేమెవరం నవ్వలేదు. జిల్లా పేరే పెడదామంటే, అది 2016లో నాలుగు ముక్కలైంది, పిల్ల పెళ్లినాటికి ఇంకెన్నవుతుందో. నిర్మల్ వాళ్లది అదృష్టం, చివర అకారం చేర్చుకుంటే నిర్మల.

మార్లవాయి అన్నాను. 1940ల్లో గోండుల జీవితం మీద పరిశోధన చేస్తూ హైమన్‌డార్ఫ్ అక్కడే మకాం పెట్టాడనీ, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి ఆ ఊళ్లోనే ఉందనీ చెప్పాను.

"అయితే బెట్టీ?" అన్నాడు అల్లుడు ఆశగా.

నదులకు దిగాను. గోదావరి కాదనలేని పేరు. పుష్య అమావాస్యకు జరిగే కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశం వాళ్లు జన్నారం దగ్గరి హస్తినమడుగు నుంచి కాలినడకన తెచ్చేది ఆ నీళ్లే. కానీ మా బజార్ల నిలబడి "గోదావరీ" అని కేకేస్తే ఒక్కరే వెనక్కి తిరగరు. పోనీ ప్రాణహిత? వార్ధా, వైన్‌గంగ కలిసిన నదికి అంత చక్కని పేరు పెట్టినవాడెవడో గాని వాడికి మొక్కాలి.

"హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ లెక్కుంది మామా."

కుంతల అంటే అందరూ ఒప్పుకునేట్టే ఉన్నారు. శకుంతల పేరే మా కుంతల జలపాతానికి వచ్చిందంటారు, మనిషి పేరు మళ్లీ మనిషికే చేరుతుంది. మేనకోడలు పాప నెత్తి తడిమి చూసింది. "నాలుగు వెంట్రుకలన్న లేవు, కుంతల అంటే నవ్వరా మామా?"

ఇక పురాణాల సూత్రమే బయటికి తీశాను. విదర్భకు వైదర్భి అయినప్పుడు ఉట్నూరుకు ఔట్నూరి కావాలి. వ్యాకరణం గట్టిగానే ఉంది.

"ఔట్‌తోనే మొదలువెడితే ఇంక పిల్ల ఆడేదెప్పుడు మామా?" అన్నాడు అల్లుడు.

అప్పటిదాకా మూలకు కూర్చుని వక్కలు కత్తిరిస్తున్న మా అమ్మ నోరు విప్పింది. "ఏ పేరన్న పెట్టుండ్రి. అత్తగారింటికి పోయినంక ఉట్నూరామె అనే అంటరు. నన్ను యాభై ఏండ్ల సంది లక్సెట్టిపేటామె అంటున్నరు. నా పేరేందో చెప్పు అల్లుడా, జూస్త."

అల్లుడు పెళ్లాం వైపు చూశాడు. ఆమెకు అమ్మమ్మ అని తప్ప తెలియదు. చివరికి రేషన్ కార్డు తెచ్చి చదివారు. కాశవ్వ. అదీ ఊరి పేరే.

అల్లుడి కళ్లు మెరిశాయి. "కాశ్వి! మస్తు యునీక్ ఉంది."

తొట్టెల నాడు మేనత్త పాప చెవిలో ఆ పేరు మూడుసార్లు పిలిచింది. మూడుసార్లూ మా అమ్మే "ఓ" అని పలికింది.