నడుముపట్టీ సాక్ష్యము

నా జాతికి త్వరణమాపకమని పేరు, యాక్సిలరోమీటరనియు వ్యవహరింతురు. దేహము అగ్గిపెట్టెయంత. నా గర్భమందు ఒక కొసన మాత్రమే బిగింపబడిన సూక్ష్మఫలకమొకటి కలదు. నన్ను ధరించిన బిడ్డ గెంతినప్పుడు అది వంగును, వంగినప్పుడు కించిద్విద్యుత్తు పుట్టును, ఆ విద్యుత్తు అంకెగా మారి నా స్మృతిలో నిలుచును.

నేను పెద్ద సర్వేలలో ప్రవేశించుటకు పూర్వము బాలుర చలనమును తెలిసికొనుటకు ప్రశ్నపత్రమే ముఖ్యాధారము. గడచిన ఏడు దినములలో ఎంతసేపు రొప్పు వచ్చునట్లు ఆడితివని పదేండ్ల బాలుని అడిగినచో, ఆటలో మునిగినవేళ ఆకలినే మరచు ఆ పసివాడు, అడుగువారికి నచ్చునని తోచిన సమాధానమునే చెప్పుట సహజము. వాని జ్ఞాపకమునకు గడియారము లేకపోవుట వాని దోషము కాదు.

2003-04 సంవత్సరములలో అమెరికా దేశపు జాతీయ ఆరోగ్య, పోషణ పరీక్షా సర్వేవారు, ఆరేండ్లు నిండిన పిల్లలు మొదలు వృద్ధుల వరకు వేలాదిమందికి నావంటివానిని కుడి తుంటిపై సాగుపట్టీతో కట్టించి, మేలుకొనియున్నంతసేపు ధరింపుడనియు, స్నానమునకును ఈతకును విప్పుడనియు, ఏడు దినముల పిమ్మట తపాలాలో మరల పంపుడనియు చెప్పిరి. ఆ లెక్కలు 2008లో వెలువడెను. దినమునకు 60 నిమిషములైనను ఓ మోస్తరుగా గాని తీవ్రముగా గాని శరీరమును శ్రమింపజేయువారు 6 మొదలు 11 ఏండ్లవారిలో నూటికి 42 మంది. 12 మొదలు 19 ఏండ్లవారిలో నూటికి 8 మందియే. బాలికలు బాలురకంటె తక్కువగా కదలుచుండిరి. ఈ రెండంకెల నడుమనున్న అగాధము నన్ను నేటికిని కలచుచున్నది. బాల్యము దాటిన బిడ్డ కాళ్లలో శక్తి పెరుగునే గాని తరుగదు గదా!

అయినను నా సాక్ష్యమునకు హద్దులు కలవు. 1995లో వెలువడిన ఒక పరిశీలనలో, పిల్లల చెంతనుండి మూడేసి క్షణములకు (సెకనులకు) ఒకమారు వారి చేష్టలను వ్రాసికొనినవారు కనుగొనినదేమనగా, పిల్లల తీవ్రచలనము సాధారణముగా మూడు క్షణములే నిలుచుననియు, నూటికి 95 పర్యాయములు పదునైదు క్షణములకు మించదనియు. పరుగెత్తును, హఠాత్తుగా నిలిచి చీమలబారును చూచును, మరల పరుగెత్తును: బిడ్డ ఆట ఇట్టిది. ఆ అమెరికా సర్వేలో నాచేత నిమిషమునకొక అంకె వ్రాయించినందున, ఆ మూడు క్షణముల ఉత్సాహము తక్కిన నిలుకడతో కలసి చప్పబడిపోయెడిది. అందుచేతనే నా తరువాతివారిచేత పదునైదు క్షణములకును, అంతకు తక్కువకును లెక్క వ్రాయించుచున్నారు. ఈతకొట్టిన గంట నాకు శూన్యము. సైకిలు త్రొక్కు బాలుని తుంటి అంతగా అదరదు గనుక వాని శ్రమలో చాలభాగము నాకందదు. పుస్తకాల బరువుతో మిట్టనెక్కు బాలిక ఆయాసము నాకు మామూలు నడకయే.

కావున ప్రశ్నపత్రమును త్రోసివేయుడని నేననను. ఏ ఆట ఆడిరి, ఎవరితో ఆడిరి, ఎందుకు మానిరి అనునవి బిడ్డ నోటనే వినవలెను. 146 దేశములలో 16 లక్షలమంది విద్యార్థుల సమాధానములను కూర్చి 2019లో ప్రకటించిన లెక్కలో, 11 మొదలు 17 ఏండ్లవారిలో నూటికి 81 మంది, బాలికలను వేరుగా చూచినచో నూటికి 85 మంది, 2016 నాటికి దినమునకొక గంట శ్రమయను ఆ మేరను అందుకొనలేకపోయిరి. ఇది పిల్లలు స్వయముగా చెప్పుకొనిన మాటలనుండి తేలినదని మరువరాదు.

ఉపాధ్యాయులారా, తల్లిదండ్రులారా, నా అంకె తక్కువగా కనబడినప్పుడు బిడ్డను సోమరియని నిందింపకుడు; వాని బడికి ఆటస్థలమున్నదా, ఆటల గంటను లెక్కల పాఠము మ్రింగివేయుచున్నదా, ఈడు వచ్చినదని ఆడపిల్లను ఎవరు లోపలికి పిలిచిరి, ఇవి ముందు విచారింపుడు.