ఏదో ఒక కీ నొక్కమన్న రోజులు

మా రోజుల్లో టెస్ట్ ప్రోగ్రాం మనిషిని పిలిచేది. ఏం చెయ్యాలో చెప్పి, చేసేదాకా ఆగేది. ఇప్పటిది ముప్ఫై సెకన్లు నిద్రపోయి, లేచి, పని జరిగిందో లేదో అడక్కుండానే ముందుకు పోతోంది. దీనికి ఆటోమేషన్ అని పేరు.

షాపుల్లో బిల్లు కొట్టే చిన్న ప్రింటర్ సంగతే తీసుకోండి. పోర్టు తెరవడం, లైన్లు పంపడం, వచ్చిన జవాబు సరిచూడడం ప్రోగ్రామే చేసుకుంటుంది. కానీ కాగితం చుట్ట తీసేస్తే ఆ సంగతి యంత్రం కనిపెడుతోందా, ప్రింటు మధ్యలో మూత ఎత్తితే ఆగుతోందా, ఎర్రదీపం వెలిగిందా, అక్షరాలు మసకబారకుండా పడ్డాయా? వీటికి ఒక చెయ్యీ రెండు కళ్ళూ కావాలి. డబ్బున్న కంపెనీలు రోబో చేతులు, కెమెరాలు పెట్టుకుంటాయి. మిగతా చోట్ల బల్ల ముందు మనిషే ఉంటాడు.

డాస్‌లో బ్యాచ్ ఫైల్ రాసేటప్పుడు ఆ మనిషి కోసం ఆగడానికి పాజ్ అని ఒక్క మాట సరిపోయేది. పాత వెర్షన్లలో ‘స్ట్రైక్ ఎ కీ వెన్ రెడీ’ అని పడేది, తర్వాత అదే ‘ప్రెస్ ఎనీ కీ టు కంటిన్యూ’ అయింది. దానికి పైన ఎకోతో మేము రాసేవాళ్ళం, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: చుట్ట తియ్యండి, మూత వెయ్యండి, అప్పుడు కీ నొక్కండి. లోపం లేదనను. ఏ కీ నొక్కినా ముందుకే పోయేది, దీపం వెలగలేదని చెప్పే దారి లేదు. అందుకే పక్కన రిజిస్టర్ ఉండేది: సీరియల్ నంబరు, ఫలితం, సంతకం. 1993లో ఎంఎస్-డాస్ 6.0తో పాటు ఛాయిస్ కమాండ్ వచ్చాక అవునా కాదా అని అడిగి, జవాబును బట్టి దారి మళ్ళించగలిగాం. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద విన్‌రన్నర్ పేరు వెలిగిన కాలంలోనూ, ఆ టెస్టింగ్ టూల్ టీఎస్ఎల్ భాషలో సందేశం చూపించి ఆగే పాజ్ ఉండేది.

మరి ఇప్పుడు? ఈమధ్య ఒక కుర్రాడు తన పైథాన్ స్క్రిప్టు చూపించాడు. టైమ్ డాట్ స్లీప్, 30. పక్కన కామెంటు: ఈలోగా ఆపరేటర్ కాగితం తీస్తాడు. తియ్యకపోతే? పక్క బల్ల వాళ్ళు పిలిస్తే లేచి వెళ్ళాడనుకోండి, మంచి ప్రింటర్ మీద ఫెయిల్ ముద్ర పడుతుంది. దీపం టెస్టు ఇంకా ఘోరం. ఐదు సెకన్ల స్లీప్, ఆ వెంటనే పాస్! ఎవరు చూశారు నాయనా ఆ దీపాన్ని? రిపోర్టు నిండా ఆకుపచ్చ రంగే. దాన్ని నమ్మి సరుకు లారీ ఎక్కుతుంది.

ఎందుకిలా రాశావంటే, ఇన్‌పుట్ అని పెడితే పైటెస్ట్ ఒప్పుకోలేదు సార్ అన్నాడు. నిజమే, పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్ మామూలుగా కీబోర్డు దారి మూసేసి నడుస్తుంది. మైనస్ ఎస్ అని ఒక ఆప్షన్ ఇస్తే ఆ దారి తెరుచుకుంటుంది. ఆ ఒక్క ముక్క వెతుక్కోకుండా మనిషినే తీసి పక్కన పెట్టాడు.

పనిముట్లు లేవంటే ఒప్పుకోను, మాకంటే మంచివి ఉన్నాయి. టెస్టులు రాసుకునే రోబోట్ ఫ్రేమ్‌వర్క్‌లో డైలాగ్స్ అనే లైబ్రరీ ఉంది. ఎగ్జిక్యూట్ మాన్యువల్ స్టెప్ అని రాస్తే పాస్, ఫెయిల్ బటన్లతో కిటికీ తెరుస్తుంది. ఫెయిల్ నొక్కితే కారణం రాయమంటుంది. ఇదే అప్పట్లో ఉంటే మేము నెత్తిన పెట్టుకునేవాళ్ళం.

బటన్ ఉన్నా, పొద్దుటి నుంచి అదే పని చేసే మనిషి చూడకుండా నొక్కేస్తాడు. తప్పు అతనిది కాదు, ప్రశ్నది. అక్షరాలు బాగున్నాయా అని అడగకండి. ప్రతిసారీ కొత్తగా నాలుగంకెలు ప్రింటు చేయించి, కాగితం మీద ఏముందో టైపు చెయ్యమనండి. అదే లైబ్రరీలో గెట్ వాల్యూ ఫ్రం యూజర్ ఉన్నది అందుకే. దీపం రంగు కూడా అంతే: ఒకసారి ఎరుపు, ఒకసారి ఆకుపచ్చ వెలిగించి, ఏ రంగని అడగండి. వచ్చిన జవాబును, టైమును, ఆపరేటర్ పేరును లాగ్‌లో పడెయ్యండి.

అలాగని అన్నిచోట్లా ఆపమనడం లేదు. ఓటీపీ కోసం టెస్టు ఆపి, ఫోన్ చూసి అంకెలు కొట్టే వాళ్ళను చూశాను. టెస్ట్ సర్వర్లో పరీక్ష నంబరుకు స్థిరమైన ఓటీపీ పెట్టుకుంటే ఆ బెడద ఉండదు. క్యాప్చాను అక్కడ ఆపేస్తే సరి. మనిషి తప్ప ఇంకేదీ చెయ్యలేని పనికే మనిషిని పిలవాలి.

రాత్రి రన్ సంగతి వేరే. బల్ల దగ్గర ఎవరూ ఉండరు కాబట్టి చెయ్యి కావలసిన టెస్టులకు పైటెస్ట్‌లో మార్కర్ తగిలించి, పగటికి వేరు చెయ్యాలి. టెస్టులను వాటంతట అవే నడిపించే జెంకిన్స్‌లో ఇన్‌పుట్ స్టెప్‌ను నోడ్ లోపల పెడితే జవాబు వచ్చేదాకా ఒక ఎగ్జిక్యూటర్ ఊరికే చిక్కుకుపోతుంది, బయట పెట్టి టైమవుట్ తగిలించాలి. గడువు దాటితే పాస్ అని గానీ ఫెయిల్ అని గానీ రాయకూడదు. ‘జరగలేదు’ అని రాసి, ఆ ప్రింటర్‌ను పొద్దున మళ్ళీ బల్ల మీదికి తేవాలి.